పట్టాలు తీసేసిన లైను మీద

నేను పుట్టి పెరిగిన కరీంనగర్‌కు అప్పట్లో రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో పెద్దపల్లి దాకా పోవాలి. అందుకని డిగ్రీ అయ్యేదాకా నేను రైలెక్కిన సందర్భాలు చాలా తక్కువ. అలాంటిదాన్ని పెళ్లయి బెల్లంపల్లికి వచ్చి, కంపెనీ క్వార్టర్ వెనక తలుపు తీసి చూస్తే ఎదురుగా రైలు పట్టాలు! చిన్న పెరడు, పెరడు దాటగానే ఎత్తయిన కట్ట, కట్ట మీద కంకర, ఆ పైన పట్టాలు. పాత బొగ్గుబాయి, అంటే బొగ్గుగని నుంచి స్టేషన్ దాకా బొగ్గు మోసే లైను అది.

మా ఆయన బాయిలో ఎలక్ట్రీషియన్. ఆయన పుట్టి పెరిగింది కూడా ఇలాంటి క్వార్టర్లలోనే. నా ముఖం చూసి నవ్వారు.

"అది రైలు గాదు, బొగ్గుబండి. సైకిలు దానికంటె జోరుగ పోతది."

ఆయన చెప్పింది నిజమే. బండి చాలా మెల్లగా వచ్చేది. అయినా అది వచ్చినప్పుడల్లా అలమరలో గిన్నెలు గలగలమనేవి, నా గుండె కూడా వాటితో పాటే కొట్టుకునేది. మా వరుసలో మిగతా ఆడవాళ్లకు మాత్రం ఆ లైను పెరట్లో ఇంకో భాగం. పట్టాల పక్కన కోళ్లు తిరిగేవి. కట్ట వాలులో మిరపకాయలు ఎండేవి. పొద్దున్నే అందరి పొయ్యిలూ కట్ట ఎక్కేవి.

పొయ్యిల సంగతి కాస్త చెప్పాలి. మా దగ్గర అందరివీ బొగ్గుల పొయ్యిలే. పాత ఇనుప బకెట్‌కు లోపల మట్టి మెత్తి, మధ్యలో ఇనుప చువ్వలు అడ్డం పెట్టి, కింద గాలికి కంత చేస్తారు. అడుగున కట్టెపుల్లలు, పైన బొగ్గు. అది రాజుకునేదాకా లేచే పొగ ఇంట్లో ఉంటే మనిషి ఉండలేడు. కట్ట మీద గాలి బాగా తగులుతుంది కాబట్టి పొయ్యిలను అక్కడ పెట్టి అంటించేవాళ్లు. బొగ్గు ఎర్రబడి పొగ పోయాక బకెట్ పిడి పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లు. మధ్యలో బండి కూత వినపడితే మా వరుస చివరింటి ముసలవ్వ లేచి నిలబడి అరిచేది.

"బండొస్తుంది! పొయ్యిలు తియ్యుండ్రి!"

ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. భర్త బాయిలో పనిచేసి కాలం చేశాడు, కొడుకు దగ్గర ఉండేది. ఆమె కేక వేయగానే ఆడవాళ్లంతా చేతికి గుడ్డ చుట్టుకుని ఎవరి పొయ్యి వాళ్లు పక్కకు లాగేవాళ్లు. బండి పోయేది. పొయ్యిలు మళ్లీ కట్ట ఎక్కేవి. ఇంజను నడిపే మనిషి ఆ పొగలోంచి చెయ్యి ఊపేవాడు.

పెద్దపాప పుట్టాక నా భయం రెండింతలయింది. పాకడం మొదలు పెట్టగానే వెనక తలుపుకు రెండు గొళ్లేలు పెట్టించాను. నడక వచ్చాక బజారుకు పోవాలంటే లైను దాటక తప్పదు. చెయ్యి గట్టిగా పట్టుకుని, కట్ట కింద ఆపి, "ఇటు చూడు, అటు చూడు, బండి లేదు, ఇప్పుడు దాటుదాం" అని నేర్పాను. దాటడం వేరు, దాని వెంబడి నడవడం వేరు అని కూడా నేర్పాను. "అది రైలు నడిచే తొవ్వ బిడ్డా. మనుషులు నడిచేది కాదు" అని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. నేనొక్కదాన్నే కాదు, మా వరుసలో ప్రతి తల్లీ పిల్లలకు ఇదే చెప్పేది. నేను కొంచెం ఎక్కువ చెప్పానేమో.

తర్వాత పాత బాయిలో బొగ్గు అయిపోయింది. బండి ఆగిపోయింది. మా ఆయనను కొత్త బాయికి మార్చారు, అక్కడి బొగ్గంతా లారీల మీదే పోయేది. ఒక ఎండాకాలం మనుషులు వచ్చి పట్టాలు ఊడదీసుకుని పోయారు. వాటి కింది చెక్కలు కొన్ని ఎలాగో మా ఇళ్లలోకి చేరాయి. మా ముందు వరండాలో కూర్చునే బల్ల అలాంటి చెక్కే. లైను మాత్రం లైనుగానే మిగిలింది. అందరూ దాన్ని అలాగే పిలిచేవాళ్లు. దాటేముందు అలవాటుగా ఆగి రెండు వైపులా చూసేవాళ్లు. గడ్డమంతా తెల్లబడ్డ పెద్దమనుషులు కూడా సైకిలు దిగి, ఇటు చూసి, అటు చూసి, అప్పుడు దాటేవాళ్లు.

చిన్నోడు పుట్టిన యేడు కంపెనీ వాళ్లు ఆ కట్ట మీద మొరం మట్టి పోసి, రోలరు తొక్కించి, రెండు వైపులా గానుగ మొక్కలు నాటారు. లారీలు రాకుండా రెండు చివరలా సిమెంటు స్తంభాలు పాతారు. స్టేషన్ దగ్గర మొదలై, మా క్వార్టర్ల వెనక నుంచి, పాత బాయి పక్కనున్న బడి దాకా నడక బాట అన్నారు. జనం ఆరోగ్యం కోసమట.

మా వరుసలో దీని మీద రోజూ పంచాయతీయే.

"ఇగ మన పెరట్ల ఏమున్నదో ఊరంత చూస్తరు" అని ఒకామె.

"దొంగలకు తొవ్వ వేసిచ్చిండ్రు" అని ఇంకొకాయన. ఆయన స్నానాల తడక సరిగ్గా లైను వైపే ఉండేది.

అందరికంటే గట్టిగా మాట్లాడింది ముసలవ్వే. "ఆరోగ్యానికి నడుసుడేంది? మా మొగోళ్లు బాయిల నడిసి నడిసి మోకాళ్లు అరిగినయ్. పైకొచ్చినంక మల్ల నడుస్తరా ఎవరన్న? తిన్నది అరగనోళ్లు నడుస్తరు గట్ల."

బాట తెరిచిన మరునాడు ఒక పెద్దాఫీసరు, ఆయన భార్య, ఇంకో ఇద్దరు ముగ్గురు తెల్ల బూట్లు వేసుకుని పొద్దున్నే నడకకు వచ్చారు. సరిగ్గా పొయ్యిలు అంటించే వేళకు. మా వరుస దాకా వచ్చేసరికి పొగలో ఒకరికొకరు కనపడకుండా పోయారు. దగ్గు, కళ్ల నీళ్లు. ఆ పొగలోంచి ముసలవ్వ గొంతు వినపడింది. "జర ఆగుండ్రి సారూ, రాజుకుంటుంది. చాయ్ తాగి పోదురు."

వాళ్లు చాయ్ తాగలేదు, మళ్లీ చాలా రోజుల దాకా రాలేదు. పొయ్యిలు బాట మీద పెట్టొద్దని ఒక మనిషి వచ్చి చెప్పి పోయాడు. వినేదెవరు? కొత్త మొరం చదునుగా ఉంది, పొయ్యి ఊగకుండా నిలుస్తుంది అని ఇంకా నడిమికి జరిపారు.

అలా ఇళ్ల వెనకే మెత్తటి బాట ఉండగా, ఒక్కరూ దాని మీద నడిచేవాళ్లు కాదు. పిల్లలంతా ముందు వైపు నుంచి, బొగ్గు లారీల రోడ్డు మీదనే బడికి పోయేవాళ్లు.

ఆ జూన్‌లోనే మా పెద్దపాప ఒకటో తరగతిలో చేరింది. చిన్నోడికి అప్పటికి మూడు నెలలు. మా ఆయనకు మొదటి షిఫ్టు, చీకటితోనే పోయేవారు. చిన్నోణ్ని భుజాన వేసుకుని, పాప చెయ్యి పట్టుకుని, గొడుగు ఎక్కడ పట్టుకోవాలో తెలియక, ఆ రోడ్డు మీద నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. లారీ వచ్చినప్పుడల్లా ముగ్గురం మురికికాలువ అంచున నిలబడిపోయేవాళ్లం. ఇంటికి వచ్చి చిన్నోణ్ని పడుకోబెట్టి, వంట చేసి, బట్టలు ఉతికేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పటికి మళ్లీ బడి విడిచే వేళయ్యేది.

చిన్నోణ్ని చూడడానికి కరీంనగర్ నుంచి మా బాపు వచ్చాడు. ఒక పొద్దున "నేను తోలుకపోత" అని పాపను తీసుకుని బయల్దేరాడు. తిరిగి వచ్చేసరికి ధోతి అంచంతా నల్లబురద. వరండా బల్ల మీద కూర్చుని ధోతి అంచు పిండుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"బిడ్డా, నువ్వు దినాం గీ తొవ్వ పట్టుకొనే పోతున్నవా?"

"అవును బాపు. అలవాటైతది."

"ఏం అలవాటైతది? లారీకి అలవాటైతదా?"

నేను ఆయన ముందు చాయ్ పెట్టాను.

"ఒక చేతిల సంటిపోరడు, ఒక చేతిల ఇది. రేపు వానలు ముదురుతయ్. నేను తీస్కపోత బిడ్డను. మన ఇంటి ముంగటనే బడి. మీ అవ్వ ఉన్నది, నేనున్న. ఇది జర పెద్దగైనంక తెచ్చుకోండ్రి."

మా ఆయన షిఫ్టు దిగి వచ్చాక బాపు ఆయనకూ చెప్పాడు. మా ఆయన బూట్లు విప్పుకుంటూ, "ఒక్క ఏడాదే గదా" అన్నారు నా వైపు చూడకుండా. ఇద్దరూ నా మంచి కోసమే అంటున్నారు. వాళ్ల మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే నా బాధ. పాప పుట్టిన నాటి నుంచి నన్ను వదిలి ఒక్క రోజు లేదు. అది పక్కన లేకుండా నాకు అన్నం ఎలా దిగుతుందో నాకు తెలియదు.

"శుక్రారం మాపటికి మల్ల వస్త. బట్టలు సదిరిపెట్టు" అని బాపు వెళ్లిపోయాడు. పోతూ కొండగట్టు గుడి నుంచి తెచ్చిన దారం పాప చేతికి కట్టాడు.

ఆయన అటు పోగానే నేను వెనక తలుపు తీసి కట్ట వైపు చూశాను. బడికి నేరుగా పోయే బాట. ఒక్క లారీ లేదు. పాప ఈ బాటన తనంత తానుగా పోగలిగితే దాన్ని కరీంనగర్ పంపాల్సిన పనే లేదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

సోమవారం పొద్దున చిన్నోణ్ని ఎత్తుకుని, పాపను తీసుకుని కట్ట దగ్గరికి పోయాను. పాప ఠక్కున ఆగింది. ఇటు చూసింది. అటు చూసింది. "బండి లేదు" అని నా కొంగు లాగి, గబగబా దాటి అవతల దిగింది.

"అటు కాదు బిడ్డా. ఇయ్యాల దీని మీదనే బడికి పోదాం."

అది నన్ను వింతగా చూసింది. "లైను మీద నడవొద్దు."

"ఇప్పుడు పట్టాలు లేవు గదా."

"పట్టాలు లేకున్నా లైనే గదా."

పొయ్యికి విసురుతున్న ముసలవ్వ పకపకా నవ్వింది. "చూసినవా, బీయే సదివిన తల్లి మరిసిపోయింది గని, బిడ్డ మరిసిపోలే."

ఎత్తుకుని కట్ట మీద పెట్టబోతే కాళ్లు పైకి ముడుచుకుంది. మొరానికి కాలు ఆనకుండా గాలిలోనే తన్నుకుంటూ ఏడ్చింది. అది చూసి చిన్నోడూ అందుకున్నాడు. పొయ్యిల దగ్గరున్న వాళ్లంతా తలా ఒక సలహా ఇచ్చారు. "భూతం పట్టినట్టున్నది" అని ఒకామె, "చాక్లెట్ చూపియ్యి" అని ఇంకొకామె. చివరికి ఎప్పటిలాగే లారీల రోడ్డే గతయింది.

మంగళవారం నేనొక్కదాన్నే ముందు కట్టెక్కి నాలుగడుగులు వేసి చూపించాను. "చూడు, ఏమన్నా అయిందా?" అన్నాను నవ్వుతూ. పాప నవ్వలేదు. ముఖం ఎర్రబడిపోయింది. "అమ్మా దిగు! బండొస్తది, దిగు!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ గొంతు అచ్చం నాదే. నేను గబుక్కున దిగేశాను.

ఆ రోజంతా ఏ పనీ చేతికి రాలేదు. సాయంత్రం పాప గౌన్లు మడతపెట్టి మంచం మీద పేర్చాను. పక్కింటి అక్క వచ్చి చూసింది. వాళ్లది మెథడిస్టు చర్చి సంఘం, ఆమె దవాఖానాలో ఆయా. ఏ ఇంట్లో ఎవరికి ఏం కష్టమొచ్చినా పిలవకముందే వచ్చే మనిషి.

"నిజంగ పంపుతున్నవా చెల్లె?"

"ఏం చెయ్యాలక్కా? అది లైనెక్కదు. నాకు రోడ్డంటే ప్రాణం పోతుంది."

"నేను ప్రార్థన చేస్త గని, నువ్వు గా గౌన్లు ఇప్పుడే మడతపెట్టకు. ఇంక దినాలున్నయ్" అంది. తనే ఆ గౌన్లు తీసి మళ్లీ దండెం మీద వేసి పోయింది.

బుధవారం పొద్దున మళ్లీ కట్ట దగ్గర నిలబడ్డాం. ఈసారి నేను బతిమాలలేదు, గదమాయించలేదు. మోకాళ్ల మీద కూర్చుని అడిగాను. "ఎందుకు పోవొద్దో నాకు చెప్పు బిడ్డా."

అది చాలా ఓపికగా, తెలియనిదానికి చెప్పినట్టు చెప్పింది.

"అది రైలు నడిచే తొవ్వ. నువ్వే చెప్పినవ్. నేను రైల్నా?"

పక్కింటి అక్క బిడ్డ ఐదో తరగతి. సంచి తగిలించుకుని ముందు వాకిలి వైపు పోబోతూ, మా పెరటి దగ్గర ఆగి ఇదంతా విన్నది. ఆ పిల్ల దగ్గర దేనికైనా జవాబు ఉంటుంది.

"మరి రైలైతే పోతవా?"

మా పాప ఆలోచించింది. "రైలైతే పోవొచ్చు."

"అయితే నేను ఇంజను, నువ్వు ఎనక డబ్బా. నా గౌను పట్టుకో. ఇడిస్తె డబ్బా ఊడిపోతది."

అంతే. పాప రెండు చేతులతో ఆ పిల్ల గౌను పట్టుకుంది. ఆ పిల్ల కట్టెక్కింది, పాప కూడా ఎక్కింది. ఇంజను ఒకసారి గొంతు సవరించుకుని, బాయి సైరనుకు తీసిపోకుండా ఒక కూత పెట్టింది.

"కూ...!"

ఆ తర్వాత జరిగింది నేను ఎప్పటికీ మరిచిపోను. వరుస చివర పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న ముసలవ్వ ఎగిరి నిలబడింది. "బండొస్తుంది! పొయ్యిలు తియ్యుండ్రి!" అని అరిచింది. అరుస్తూనే తన పొయ్యిని బర్రున పక్కకు లాగింది. ఆ కేక ఎన్నేళ్ల అలవాటో! మిగతా ఆడవాళ్లు కూడా ఏమీ ఆలోచించలేదు. కొంగు చేతికి చుట్టుకుని ఎవరి బకెట్లు వాళ్లు లాగేశారు. ఒక్క నిమిషంలో బాటంతా ఖాళీ. పొగ రెండు పక్కలకూ తప్పుకుంది. మధ్యలోంచి ఇద్దరు ఆడపిల్లలు చుక్‌చుక్‌మంటూ పోతున్నారు.

అప్పుడు ముసలవ్వకు సంగతి అర్థమయింది.

"ఓ పోరీ! నా పానం దీసినవ్ గదనే! బండెక్కడున్నదే?"

"మేమే బండి అవ్వా!" అని ఇంజను వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది.

వరుసంతా ఒకటే నవ్వు. ఒకామె నవ్వలేక పొయ్యి పక్కనే కూలబడింది. ముసలవ్వ తిడుతూ నవ్వుతూ నన్ను చూసి, "నువ్వేంది గట్ల నిలవడ్డవ్? ఉరుకు, నీ బిడ్డ వోతుంది" అంది. నేను చిన్నోణ్ని భుజాన వేసుకుని వాళ్ల వెనక ఉరికాను. బడి గేటు దాకా లారీ కాదు కదా, ఎద్దుబండి కూడా ఎదురు రాలేదు.

గురువారం పొద్దున మా పెరడు ముందు పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఈ సంగతి బడిలో పాకిపోయింది. ఇంజను ఎవరు కావాలన్న దాని మీద మగపిల్లలు గొడవకు దిగారు. అక్క బిడ్డ నడుముకు చేతులు పెట్టుకుని, "ఇంజను నేనే. నచ్చకపోతే రోడ్డు మీదికెళ్లి పోండ్రి" అంది. ఎవరూ రోడ్డు వైపు పోలేదు. మా పాప నన్ను చివర నిలబెట్టింది. రైలుకు గార్డు ఉండాలట. చిన్నోడి పొత్తిగుడ్డల్లో ఒక పచ్చది ఉంటే వెతికి తెచ్చి నా చేతిలో పెట్టింది. చదువుకునే రోజుల్లో ఏ ఊరేగింపులోనూ జెండా పట్టనిదాన్ని, చంటిపిల్లవాణ్ని ఒక భుజాన వేసుకుని, వాడి గుడ్డే ఊపుకుంటూ వాడ మధ్యన నడిచాను.

పొయ్యిలు మళ్లీ పక్కకు జరిగాయి. ఈసారి తెలిసే జరిపారు. కూత కోసం ఎదురుచూసి మరీ జరిపారు. నడవడానికి బాట ఖాళీ చేయమంటే ససేమిరా అన్నవాళ్లు, బండికి తొవ్వ ఇవ్వడం మాత్రం తమ పనే అనుకున్నట్టున్నారు. స్నానాల తడక ఆయన తువ్వాలు భుజాన వేసుకుని తడక మీంచి తల పెట్టి, "ఎన్ని డబ్బాలు ఇయ్యాల?" అని అడిగాడు. ముసలవ్వకు కొత్త పని దొరికింది. శుక్రవారం మేము కొంచెం ఆలస్యం చేసేసరికి కట్ట మీద నిలబడి కేకలు వేస్తోంది. "ఏమాయె ఇయ్యాల బండి? పొయ్యి తీసి ఎంతసేపాయె, అన్నం వండుకోవాల్నా వద్దా?"

పక్కింటి అక్క కూడా దవాఖానాకు అదే బాటన మా వెనక వచ్చింది. రోడ్డు మీంచి పోయేటప్పుడు చీర అంచులు రోజూ నల్లబడేవట. "ఎన్నడు లేంది ఇయ్యాల తెల్లగ పోతున్న" అంటూ నవ్వింది.

శుక్రవారం మాపటికి బాపు వచ్చాడు. భుజాన పాప బట్టల కోసం తెచ్చిన పెద్ద సంచి. నేను జరిగిందంతా చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో సంతోషం చూసి ఆయన కూడా నవ్వాడు గానీ, అన్నం తిన్నాక మెల్లగా అడిగాడు.

"దినాం నువ్వు వెంట పోతున్నవా?"

"పోతున్న బాపు. వెనక ఉంటాను."

"పిల్లగాడికి జరమొచ్చిననాడు? నీకు బాగలేనినాడు?"

నేను కంచాలు ఎత్తబోయాను.

"తొవ్వ మంచిదే బిడ్డా, కాదంటలేను. కని నువ్వు లేకుంటె అది పోతదా? రేపు చూద్దాం. నువ్వు ఈడనే నిలవడు. అది పోతే సరే. పోకుంటె నాతోని తీస్కపోత."

దాంట్లో అన్యాయమేమీ లేదు. శనివారం ఒంటిపూట బడి. పొద్దున పాపకు జడలు వేస్తుంటే పాయలు సరిగా కుదరలేదు. రెండు సార్లు విప్పి మళ్లీ వేశాను. కట్ట దగ్గర రైలు సిద్ధంగా ఉంది. పాప ఎప్పటిలాగే పచ్చగుడ్డ నా చేతికి ఇచ్చి, తన జాగాలోకి పోయి నిలబడింది. నేను కదలకపోయేసరికి వెనక్కి తిరిగింది.

"అమ్మా, రా."

"ఇయ్యాల నేను రాను బిడ్డా. తాత దగ్గర ఉంటా. నువ్వు అక్కతోటి పోతావా?"

"గార్డు లేకుంటె బండి పోదు."

దాని పెదవి వణకడం మొదలైంది. ముసలవ్వ ఒక చెయ్యి పొయ్యి పిడి మీద పెట్టి మా వైపే చూస్తోంది. బాపు పెరటి తడక దగ్గర నిలబడి ఉన్నాడు. నేను కూడా వచ్చేస్తున్నా అనే మాట నా నోటి చివర దాకా వచ్చింది. దాన్ని అక్కడే పట్టుకుని ఎలా నిలబడ్డానో నాకే తెలియదు.

"టైమైతుంది చిన్నమ్మా" అంది ఇంజను.

మా పాప నా చేతిలో గుడ్డను చూసింది. నన్ను చూసింది. వచ్చి ఆ గుడ్డ నా పిడికిట్లోంచి లాగింది. కాస్త గట్టిగానే లాగాల్సి వచ్చింది, నేను అంత బిగించి పట్టుకున్నాను.

"అమ్మా, నువ్వు స్టేషన్ల ఉండు. నేను గార్డైత."

నా జవాబు కోసం ఆగలేదు. పోయి అందరికంటే చివర నిలబడి, ముందున్న పిల్లవాడి చొక్కా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పచ్చగుడ్డ ఊపింది. కూత పడింది. "బండొస్తుంది!" అని ముసలవ్వ అందరికంటే గట్టిగా అరిచింది. పొయ్యిలు బర్రుమని జరిగాయి. బండి కదిలింది.

అది వెనక్కి తిరిగి నన్నే చూస్తూ, పక్కవాటుగా నడుస్తూ, గుడ్డ ఊపుతూ పోతోంది.

"ముందు చూసి నడువు బిడ్డా! పడిపోతవ్!" అని అరిచాను.

"గార్డు ఎనకకే చూస్తది!" అని అక్కడి నుంచే అరిచింది.

కొంత దూరం పోయాక గానుగ మొక్కల మధ్య బాట వంపు తిరుగుతుంది. అక్కడిదాకా గుడ్డ ఊగుతూనే ఉంది. తర్వాత కనపడలేదు. కూత మాత్రం కాసేపు వినపడింది. నేను వెనక ఉరకలేదు. కాళ్లు ఉరుకుదామనే అన్నాయి, అయినా ఉరకలేదు. ముసలవ్వ తన పొయ్యిని మళ్లీ బాట నడిమికి జరుపుకుని, దాంట్లోకి ఊదుతూ, "పోయింది తియ్యి, మంచిగ పోయింది. ఏం ఫికర్ జెయ్యకు" అంది నాతో.

బాపు కట్ట దగ్గరికి వచ్చాడు. చిన్నోణ్ని నా భుజం మీంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

"బట్టలు దండెం మీద్నే ఉండనియ్యి బిడ్డా" అన్నాడు.

నేను తల ఊపాను. నవ్వొచ్చింది, ఆపుకోలేనంత.

"జర నాకు గూడ చూపియ్యి మరి మీ లైను" అని ఆయన కట్టెక్కాడు. స్టేషన్ వైపు ఇద్దరం మెల్లగా నడిచాం. బజారుకు కాదు, దవాఖానాకు కాదు, దేనికీ కాదు. ఊరికే. పెళ్లయ్యాక ఏ పనీ లేకుండా, ఏ తొందరా లేకుండా నేను నడవడం అదే మొదటిసారి. ఎవరి పెరట్లో ఏ కూరగాయలు కాశాయో బాపు ఆగి ఆగి చూస్తున్నాడు. బీరపాదు మంచిగా పాకిందని ఒకరికి చెప్పాడు. వాళ్లు రెండు కాయలు తెంపి ఆయన చేతిలో పెట్టారు.

కొంత దూరం పోయాక అడిగాడు.

"పోరగాండ్ల బండి మల్ల ఎప్పుడొస్తది?"

"శనివారం గదా బాపు, ఒంటిపూట బడి, పగటీలి వస్తుంది."

"అయితే అది చూసి, అన్నం తిని, మాపటి బస్సుకు పోత" అన్నాడు బాపు, చిన్నోణ్ని ఇంకో భుజానికి మార్చుకుంటూ.